తాడు ఒకరిది, కప్పు ఇంకొకరిది

ఖరగ్‌పూర్ రైల్వే ఊళ్లో మలంచా అనే పేటలో ఒక షావుకారు ఉండేవాడు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాలేసే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి వర్క్‌షాప్‌లో చేశాడు. ఇతను బియ్యం వ్యాపారంలోకి దిగి, మలంచా రోడ్డుకి కాస్త లోపలగా పెద్ద గోదాం కట్టించాడు. ఇనుప ట్రస్సులు, వాటి మీద అడ్డంగా పర్లిన్లు, ఆ పైన సిమెంటు రేకులు. చూరు దగ్గర పద్నాలుగు అడుగుల ఎత్తు.

ఒక చైత్రం చివర్లో కాలవైశాఖి వచ్చింది. మధ్యాహ్నం దాకా ఎండ మండిపోయి, సాయంత్రానికి వాయవ్యం నుంచి నల్లగా కమ్ముకొచ్చి, కాసేపట్లో ఊరంతా ఊడ్చిపెట్టి పోయే గాలివాన అది. గోదాం మీద పదో పన్నెండో రేకులు లేచిపోయాయి. ఇంకొన్ని పగిలి ఉన్నచోటే వేలాడుతున్నాయి. కింద బస్తాలు తడిశాయి. షావుకారు ఆ రాత్రే రేకుల మేస్త్రికి కబురు పెట్టాడు.

మేస్త్రి కుర్రవాడు. నాలుగేళ్ల కిందట వాడి తండ్రి ఇలాంటి కప్పు మీద నుంచే పడి కాలు పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి బెల్టు లేకుండా కప్పెక్కితే అన్నం పెట్టనని తల్లి ఒట్టు పెట్టింది. వాడు కూలి డబ్బులు కూడబెట్టి మంచి బెల్టే కొన్నాడు. నడుముకి చుట్టుకునే పాతరకం పటకా కాదు. భుజాల మీదుగా, తొడల చుట్టూ వచ్చి, వీపున ఇనుప రింగుతో ఉండే పూర్తి బెల్టు. దానికి ఆరడుగుల తాడు, తాడు మధ్యలో కుట్లు విప్పుకుంటూ సాగి దెబ్బ తగ్గించే షాక్ అబ్జార్బర్, చివర రెండు పెద్ద హుక్కులు.

షావుకారు ఆ సరంజామా చూసి సంతోషించాడు. "బెల్టుందిగా, ఇంకేం భయం? ఎక్కు అబ్బాయ్. మళ్లీ వానొచ్చేలోగా అయిపోవాలి."

"ఎక్కుతాను బాబుగారూ. హుక్కు దేనికి తగిలించమంటారు?"

షావుకారు పైకి చూశాడు. ఇన్నేళ్లలో ఆ కప్పుని అతను ఆ కంటితో చూడలేదు. "ఏదో ఒకదానికి తగిలించు. రేకులు పట్టుకున్న బోల్టులు వరసగా ఉన్నాయి కదా. లేకపోతే ఆ మూల టీవీ డిష్షు గొట్టం ఉంది."

కుర్రవాడికి ఆ జవాబు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడం చేతకాలేదు. షావుకారు మంచివాడే, బాకీ పెట్టేవాడు కాదు, పైగా పని పోతే ఇంకొకడు ఎక్కేస్తాడు. వాడు నిచ్చెన గోడకి ఆనించి, నేరుగా మేనమామ ఇంటికి వెళ్లాడు.

మేనమామ రైల్వేలో ఖలాసీగా చేసి రిటైరైన మనిషి. చైన్ బ్లాకులతో, వైరు తాళ్లతో బండి చక్రాలూ బాయిలర్లూ ఎత్తి దించడంలోనే వయసంతా గడిచింది. బరువుని దేనికి వేలాడదీశామన్నది తేలందే గొలుసు ముట్టుకోకూడదని ఆయనకి ఒళ్లంతా పట్టిన పాఠం. మేనల్లుడు చెప్పింది విని లేచి చొక్కా తొడుక్కున్నాడు.

"ఏటిరా, రేకుల జె బోల్టుకి కట్టమన్నాడా?"

"అవును మావా."

"పద."

గోదాం దగ్గరికి వచ్చి మామ షావుకారుతో వాదన పెట్టుకోలేదు. "షావుకారుగారూ, ఒక్క గంట ఇవ్వండి. మావోడు ఎక్కేముందు వాడి బరువుని ఎక్కించి చూద్దాం" అన్నాడు. పక్క ఇంటి పని దగ్గర ఇసుక ఉంటే రెండు సంచులు నింపించి, కలిపి కట్టి, కాటా మీద పెట్టించాడు. ఎనభై కిలోలు తూగింది. చూరు పక్కన వెదురు పరంజా కట్టించి మూటని పైకి లాగించాడు. మేనల్లుడి తాడు ముట్టుకోనివ్వలేదు. అంతే పొడవున్న వేరే తాడు తెచ్చి, ఒక కొస మూటకీ రెండో కొస చూరు దగ్గరి జె బోల్టుకీ కట్టాడు. కింద ఉన్నవాళ్లందరినీ దూరం జరిపి మూటని తోశాడు.

మూట ఆరడుగులు జారింది. తాడు బిగిసింది. వేలి లావు కూడా లేని ఆ బోల్టు వంపు సాఫైపోయి రేకులోంచి ఊడొచ్చింది. దాంతోపాటు రేకు చెక్కా వచ్చింది. మూట నేల మీద పడి పగిలింది. ఇసుక షావుకారు చెప్పుల దాకా చిమ్మింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత షావుకారే అన్నాడు: "అయితే డిష్షు గొట్టం?"

"గొట్టానికి ఆధారం ఏటి? గోడలో నాలుగు మేకులు. డిష్షు బరువుకి ఆగుతాది, పడే మనిషికి ఆగదు."

"మరి నన్నేం చెయ్యమంటారు? వాడి పనికి కావలసిన సామాను వాడు తెచ్చుకోవాలి కదా."

మామకి కోపం రాలేదు. "వాడు తెచ్చుకున్నాడండీ. బెల్టు వాడిది, తాడు వాడిది, హుక్కు వాడిది. ఆ హుక్కు పట్టే చోటు మాత్రం వాడు సంచిలో పెట్టి తేలేడు. అది మీ కప్పులో ఉండాలి. తాడు వాడిది, కప్పు మీది."

షావుకారు లెక్కల మనిషి. ఎంతవుతుందో అడిగాడు. ఇంజినీరుని పిలిచి ట్రస్సులు చూపించి, హుక్కు తగిలించే యాంకర్లు ఎక్కడెక్కడ బిగించొచ్చో గుర్తులు పెట్టించి, కంపెనీ తయారీవే తెప్పించాలని మామ చెప్పాడు. తడిసిన బస్తాల నష్టం కన్నా తక్కువే తేలింది. సరే, ఒకటి పెట్టిద్దాం, ముందు చూరుకి నట్టనడుమ, అన్నాడు షావుకారు.

"ఒకటి చాలదు" అన్నాడు మామ. "నడుమ కట్టుకుని ఆ మూలకి పోయి జారితే తిన్నగా పడడు. ఊగి వెళ్లి పక్క గోడకి కొట్టుకుంటాడు. పడ్డ దెబ్బ కంటే ఆ దెబ్బే పెద్దది. వాడు పని చేసే చోటికి ఎదురుగా, దగ్గరగా ఒకటి ఉండాలి. ఒకటి వదిలే లోపు రెండోది అందాలి. అందుకే తాడుకి రెండు హుక్కులు."

షావుకారు తలూపాడు. అప్పుడు మేనల్లుడే, ఇంతసేపూ మౌనంగా ఉన్నవాడు, అసలు చిక్కు ముడి విప్పాడు. "మావా, యాంకర్ ఎంత గట్టిదైనా, గోదాం ఎత్తు పద్నాలుగు అడుగులే. తాడు ఆరడుగులు. అబ్జార్బర్ విప్పుకుంటే ఇంకో మూడున్నర. రింగు కాడనుంచి నా పాదాల దాకా అయిదు. పద్నాలుగున్నర అయిపోనాది. తాడు నన్ను ఆపేలోగా నేల వచ్చీసింది."

మామ మేనల్లుడి ముఖం కేసి చూశాడు. ఆ చూపులో ఉన్న గర్వం ఆయన దాచుకోలేదు. "అదీ లెక్క. ఆగాక పాదాల కింద ఇంకో మూడడుగులు మిగలాలి కూడా. అంచేత ఈ కప్పు మీద పడితే ఆపే తాడు పనికిరాదు, పడనివ్వని తాడు కావాలి. అంచు దాకా అందనంత పొట్టిగా కట్టుకో. రేకు మీద అడుగు పెట్టకు, పర్లిన్ల మీద నడక పలకలు పరుచుకో. సిమెంటు రేకు పైకి నేలలాగే కనపడతాది, నెల తక్కువ బిడ్డ నెత్తి కంటే మెత్తన."

ఇంకో సంగతి కూడా తేలాలి. మొదటి యాంకర్ దగ్గరికి చేరేదాకా మనిషి దేనికి కట్టుకుంటాడు? మామ దీని గురించి చాలాసేపు ఆలోచించాడు. చివరికి మొదటిది నిచ్చెన తలకాయ దగ్గరే, మెట్టు మీద నిలబడే చేతికి అందేలా పెట్టించాడు. మిగతావి బిగించడానికి ఎవరూ కప్పెక్కలేదు. గోదాం లోపల పరంజా వేసి, రేకులు ఎగిరిపోయిన ఖాళీల్లోంచి, కింద నుంచే ట్రస్సులకి బిగించారు. ఒక్కోదానికీ తగరపు బిళ్ల తగిలించారు. ఎంతమందికి, ఏ తేదీన పరీక్ష, మళ్లీ ఎప్పుడు అన్నది దాని మీద చెక్కించారు.

పని రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులూ బస్తాల మీద టార్పాలిన్ కప్పారు. మేస్త్రి రేకులు వేసి దిగాడు. ఏమీ జరగలేదు. వాడు జారనూ లేదు, యాంకర్లకి పని పడనూ లేదు.

షావుకారు అన్నాడు: "పనైపోయింది కదా, ఇక అవి తీసేయిద్దామా? ఇంకో చోట పనికొస్తాయి."

"ఉంచండి. మీ కప్పు ఎక్కేవాడు వీడొక్కడే కాదు."

సంవత్సరాలు గడిచాయి. మామ పోయాడు. మేస్త్రి పెళ్లి చేసుకుని హైదరాబాద్ వెళ్లి పెద్ద భవనాల మీద పని చేస్తున్నాడు. ఒక భాద్రపదంలో గోదాం మీద సౌర పలకలు బిగించడానికి ముగ్గురు వచ్చారు. ఇద్దరు బెంగాలీలు, ఒక ఒడియా కుర్రవాడు. ఖలాసీ మామ ఎవరో వాళ్లకి తెలియదు. నిచ్చెన ఎక్కేసరికి తలకాయ దగ్గర తగరపు బిళ్ల కనిపించింది. తారీకు చదివారు. హుక్కు తగిలించారు. మధ్యాహ్నం ఒడియా కుర్రవాడు పలక మీద నుంచి పక్కకి అడుగేశాడు. వాన తేమకి నాచు పట్టిన రేకు పెళ్లున విరిగి, వాడు చంకల దాకా కిందికి దిగబడి ఆగిపోయాడు. పొట్టి తాడు బిగిసి ఉంది. లోపల నిచ్చెన ఎక్కడుంటుందో గుమాస్తాకి తెలుసు. పరుగున తెచ్చి కాళ్ల కింద పెట్టాడు. నాలుగు నిమిషాల్లో కుర్రవాడు నేల మీద ఉన్నాడు. చంకల కింద ఒరుసుకున్న గీతలు తప్ప దెబ్బేమీ లేదు.

వాడికి టీ తాగించి, షావుకారు ఆ యాంకర్‌ని తీయించేశాడు. గుమాస్తా ఆశ్చర్యపోయాడు. "బాగానే పట్టింది కదండీ, ఎందుకు తీయడం?"

"ఒకసారి మనిషిని పట్టింది. దాని బలంలో ఎంత అక్కడ ఖర్చయిందో పైకి కనపడదు. తాడూ అంతే, బెల్టూ అంతే. కొత్తవి వెయ్యాలి. ఆ ఖలాసీ నాకు చెప్పే పోయాడు."

వారం తర్వాత ఆ ముగ్గురికీ అదే రోడ్డు మీద ఇంకో షెడ్డు పని వచ్చింది. నిచ్చెన వేసేముందు ఒడియా కుర్రవాడు ఆ యజమానిని, తనకి వచ్చిన నాలుగు బెంగాలీ ముక్కల్లో, కప్పు మీద యాంకర్ ఎక్కడుందని అడిగాడు. లేదని చెబితే సంచి భుజాన వేసుకుని గేటు దగ్గర కూర్చున్నాడు. ఆ యజమాని షావుకారు గోదాం ఎక్కడో కనుక్కుని వచ్చాడు.

నీతి

కప్పెక్కేవాడు బెల్టు తెచ్చుకుంటాడు. దాన్ని తగిలించే చోటు కప్పు సొంతదారు ఇవ్వాలి, ఎక్కకముందే ఇవ్వాలి.

ఇది దయ కాదు, బాధ్యత. మన ఫ్యాక్టరీల చట్టం 1948లోనే 32వ సెక్షన్‌లో, మనిషి పడే అవకాశం ఉన్న ఎత్తులో పని చేయించాల్సి వస్తే, సాధ్యమైనంత వరకు కంచె కట్టో మరో విధంగానో అతని భద్రత చూడాలని రాశారు. ఆ బరువు ఫ్యాక్టరీ నడిపేవాడి మీద పెట్టారు, ఎక్కేవాడి మీద కాదు. అమెరికాలో ఈ విషయం ఇంకా విప్పి చెప్పారు. తాళ్ల మీద దిగి అద్దాలు తుడిచే భవనాలకి 2017 నవంబరు నుంచి ఒక నిబంధన ఉంది. ప్రతి యాంకరూ గుర్తించి, పరీక్షించి, సరిగా ఉంచామని భవనం యజమాని పని మొదలుకాకముందే కాగితం రాసి ఇవ్వాలి. ఏటేటా తనిఖీ చేయించాలి, పదేళ్లకోసారైనా మళ్లీ ధ్రువీకరించాలి. ఆ కాగితం లేకుండా కంట్రాక్టరు మనుషుల్ని దింపకూడదు. మన దగ్గర అద్దాల మేడలు కట్టేవాళ్లు ఆ మేడల నమూనాతో పాటు ఈ కాగితం కూడా తెచ్చుకుంటే ఎంత బాగుండేది. హైదరాబాద్‌లో ఇరవై అంతస్తుల గోడకి రంగు వేస్తూ వేలాడే వాళ్లలో ఉత్తరాంధ్ర పిల్లలు ఎందరో ఉన్నారు. పైన ఆ తాడు దేనికి కట్టి ఉందో వాళ్లలో చాలామంది కళ్లారా చూడలేరు. అది చూసే హక్కు వాళ్లకి ఉండాలి.

యాంకర్‌కి అంత బలం ఎందుకని చాలామంది అడుగుతారు. మనిషి బరువు ఎనభై కిలోలే కదా అని. ఆరడుగులు పడడానికి అర సెకను కంటే కొంచెం ఎక్కువ పడుతుంది. అప్పటికి వేగం గంటకి ఇరవై కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగం నాలుగంగుళాల్లో ఆగాల్సి వస్తే తాడు మీదా, యాంకర్ మీదా, మనిషి వెన్ను మీదా పడే లాగుడు ఒకటిన్నర టన్ను. అందుకే షాక్ అబ్జార్బర్ ఆ ఆగుడుని మూడడుగుల మేర సాగదీస్తుంది. అందుకే అమెరికా నిబంధనల్లో ఒక్కో మనిషికి యాంకర్ 5,000 పౌండ్లు, అంటే దాదాపు 2,268 కిలోలు మోయాలని ఉంది. డిష్షు బరువుకి బిగించిన గొట్టం ఎక్కడ, ఇది ఎక్కడ.

కథలో మామ చేసిన ఇసుక మూట పరీక్ష, పనికిరాని చోటు పనికిరాదని చూపించడానికే. వాడబోయే యాంకర్ మీద అలా మూటలు పడేసి చూడకూడదు. పడిన దెబ్బకి అది లోపల్లోపల బలహీనపడి, పైకి గట్టిగా కనిపిస్తుంది. దానికి లాగి చూసే పరికరాలున్నాయి, ఆ పని తెలిసినవాళ్లు ఉన్నారు. కట్టడాన్ని చూసి సంతకం పెట్టగల ఇంజినీరు ఉండాలి. తుప్పు, పగులు, వంగిన బోల్టు కనిపిస్తే ఆ రోజే ఎర్ర గుడ్డ కట్టి ఎవరూ తగిలించకుండా ఆపాలి.

బెల్టు పట్టిన మనిషిని తొందరగా దించడం కూడా ఇందులో భాగమే. బెల్టులో కదలకుండా వేలాడితే కాళ్లలో నెత్తురు నిలిచిపోయి, కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. గుమాస్తాకి నిచ్చెన ఎక్కడుందో తెలియకపోతే ఆ కథ వేరేగా ముగిసేది. ఫైర్ ఇంజన్ వచ్చేదాకా ఆగుదాం అనుకోవడం ఏర్పాటు కాదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన కడుతున్నప్పుడు చీఫ్ ఇంజినీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన కింద పెద్ద వల కట్టించాడు.  ఆ వలలో పడి 19 మంది బతికారు. 1937 ఫిబ్రవరి 17న ఒక పరంజా తెగి వల మీద పడింది. దాని బరువుకి వల చిరిగి పది మంది సముద్రంలో పోయారు. రెండు సంగతులూ కలిపి గుర్తుంచుకోవాలి. వల కట్టించింది పని చేయించేవాడే, కూలి కాదు. ఆ వల మనుషుల బరువుకి కట్టిందే తప్ప పరంజా బరువుకి కాదు. ఏది ఎంత మోస్తుందో ముందే లెక్క వేసి, దాని మీద రాసి పెట్టాలి.

ఖరగ్‌పూర్‌లో ఎక్కాల్సిన కప్పులకి కొదవ లేదు. స్టేషన్‌లో 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. దాని మీది నీడ ఎవరో కప్పెక్కి వేసిందే. వర్క్‌షాప్ షెడ్లు, క్వార్టర్ల మీద నీళ్ల ట్యాంకులు, పూజల కాలంలో పందిళ్లు, ఇప్పుడు సౌర పలకలు. పెద్ద చోట్ల నిబంధనలు, తనిఖీలు కొంతైనా ఉంటాయి. ప్రాణం పోయేది ఎక్కువగా చిన్న చోట్ల. ఒక్క మనిషి, ఒక్క పూట పని, ఒక్క రేకు. "పది నిమిషాల్లో అయిపోతుంది" అనే మాట వినిపించే చోట.

కొత్త యాంకర్ పెట్టించడానికి అన్నిటికన్నా చౌకైన రోజు ఒకటుంది. మలంచాలో పాత సిమెంటు రేకులు తీసేసి రంగు ఉక్కు రేకులు వేయించుకునేవాళ్లు, రేకులు దింపాక ట్రస్సులు ఎముకల్లా బయటపడ్డ ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఇంజినీరుని పిలిపించండి. అప్పుడైతే కింద నుంచే బిగించొచ్చు, కొత్త రేకుకి తర్వాత చిల్లు పెట్టి వాన కారించుకోనక్కర్లేదు. నిచ్చెన ఎక్కడ ఆనుతుందో చూసుకుని మొదటిది అక్కడ పెట్టించండి. బిళ్ల మీద తేదీ తెలుగులోనూ బెంగాలీలోనూ హిందీలోనూ చెక్కించండి.